పేదపిల్లల పక్షాన ఒక ప్లీడరు

ఒక తండ్రికి తన కొడుకును బడిలో వేయాలని ఉంది. జీతం కట్టే తాహతు లేదు. అప్పుడతడు చేయగలిగింది ఒక్కటే. పన్నులు నిర్ణయించే ఉద్యోగి ఊళ్ళోకి వచ్చినప్పుడు, “అయ్యా! నేను బీదవాణ్ణి. నా పిల్లవాడికి చదువు చెప్పించుకోలేను” అని నోరు విడిచి చెప్పుకోవాలి. దరిద్రుల జాబితాలో వాడి పేరు రాయించాలి. ఆ తరువాత వాడు ఉచితంగా చదువుకోవచ్చు. కాని ఆ బడిలో చదివే పిల్లలందరికీ తెలిసిపోతుంది, వీడు జాబితా పిల్లవాడని!

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 1809లో చేసిన చట్టం ప్రకారం జరిగిన ఏర్పాటు ఇది. చట్టం చేసినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని కడుపు మాడ్చుకున్నా మానం చంపుకోలేని తల్లిదండ్రులు ఎక్కడైనా ఉంటారు. అలాంటివారు జాబితాలో పేరు రాయించడానికి మనసొప్పక, పిల్లలను చదువు లేకుండానే ఉంచేశారు. ఉచితంగా పెడతామన్న చదువు ఆ విధంగా ఎందరికో అందకుండానే పోయింది.

ఆ జాబితాను చింపి పారవేయడానికి పూనుకున్నవారిలో ఒక కుంటి ప్లీడరు ఉన్నాడు. ఆయన పేరు థాడియస్ స్టీవెన్స్. అబ్రహాం లింకన్ పేరు తెలియని చదువరులు మనలో అరుదు. ఆ లింకన్ కాలంలోనే, ఆ లింకన్ పార్టీలోనే ఉండి, బానిసల విముక్తి విషయంలో లింకన్ కంటె పది అడుగులు ముందు నడచిన ఈ మనిషిని గురించి మాత్రం మనకు తెలిసినది తక్కువ.

తల్లి చేసిన పని

థాడియస్ 1792 ఏప్రిల్ 4న వెర్మాంట్ రాష్ట్రంలోని డాన్‌విల్ అనే పల్లెలో పుట్టాడు. పుట్టుకతోనే పాదం వంకర. జీవితాంతం కుంటుతూనే నడిచాడు. తండ్రి జాషువా చెప్పులు కుట్టేవాడు, కాస్త వ్యవసాయమూ చేసేవాడు. సంసారం నిలబెట్టే స్వభావం ఆయనకు లేదు. నలుగురు మగపిల్లలను, భార్యను వదిలేసి ఒకనాడు వెళ్ళిపోయాడు.

తల్లి శారా మీద భారమంతా పడింది. ఈ కుంటి పిల్లవాడు దేనికి వస్తాడు? చదువుకు వస్తాడని ఆమె నిశ్చయించింది. ఆ చుట్టుపక్కల మంచి బడి పీచమ్ అనే ఊళ్ళో ఉంది. కుటుంబాన్నంతా ఆ ఊరికి తరలించింది. రెక్కలు ముక్కలు చేసుకుని కొడుకును చదివించింది.

థాడియస్ ఆమె శ్రమను వమ్ము చేయలేదు. డార్ట్‌మత్ కళాశాలలో చదివి 1814లో పట్టం పుచ్చుకున్నాడు. మరుసటి ఏడు పెన్సిల్వేనియాలోని యార్క్ పట్నానికి వెళ్ళి, పగలు పిల్లలకు పాఠాలు చెబుతూ, తీరిక వేళల్లో న్యాయశాస్త్రం చదువుకున్నాడు. అలా మరో ఉద్యోగం చేసుకుంటూ చదివినవారిని అక్కడి న్యాయవాదులు తమలో చేర్చుకోమన్నారట. ఈయన సరిహద్దు దాటి మేరీలాండ్ రాష్ట్రానికి వెళ్ళి, 1816లో అక్కడ పరీక్షకు కూర్చున్నాడు. నాలుగు ప్రశ్నలు వేసిన న్యాయమూర్తులు, మిగిలిన పరీక్ష రెండు సీసాల సారాయంతో పూర్తి అవుతుందని సెలవిచ్చారని ఒక కథ ఉంది. కథ ఎంతవరకు నిజమో గాని, ప్లీడరు పట్టా మాత్రం చేతికొచ్చింది. పెన్సిల్వేనియాకు తిరిగి వచ్చి, గెటిస్‌బర్గ్ అనే చిన్న పట్నంలో బోర్డు కట్టాడు.

గెలిచిన దావా

కొద్ది సంవత్సరాలలోనే ఆయనకు పేరు వచ్చింది. చురకత్తి లాంటి నాలుక. పుస్తకం చూడకుండా చట్టాలు ఏకరువు పెట్టగల జ్ఞాపకశక్తి. ఎదుటి సాక్షి చెప్పినదంతా రాసుకోకుండానే గుర్తుంచుకుని, మరునాడు అక్షరం పొల్లుపోకుండా అప్పగించేవాడంటారు.

ఆ రోజుల్లోనే, 1821లో, ఒక దావా నడిచింది. చారిటీ బట్లర్ అనే నల్లజాతి స్త్రీ తనకు స్వేచ్ఛ కావాలని కోర్టుకెక్కింది. ఆమె మేరీలాండులో బానిస. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం, యజమాని బానిసను తెచ్చి ఆ రాష్ట్రంలో ఆరు నెలలు ఉంచితే ఆ బానిసకు విముక్తి కలుగుతుంది. తాను ఆ రాష్ట్రంలో ఉన్న రోజులన్నీ కలిపితే ఆరు నెలలు దాటుతాయని ఆమె వాదన.

ఆ దావాలో ఆమెకు ఎదురుగా, యజమాని పక్షాన నిలబడ్డ ప్లీడరు ఎవరనుకున్నారు? సాక్షాత్తు స్టీవెన్స్! వచ్చి పోయిన రోజులను కలిపి లెక్కించరాదని, ఆరు నెలలూ ఏకబిగిన ఉండాలని రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. స్టీవెన్స్ గెలిచాడు. చారిటీ బట్లర్, ఆమె పిల్లలు మళ్ళీ బానిసత్వంలోకి వెళ్ళారు.

ఈ సంగతి దాచి ఆయన జీవితం చెప్పడం తగదు. చట్టం అక్షరాన్ని పట్టుకుని గెలిచిన ప్లీడరు, ఆ గెలుపు వల్ల ఒక తల్లీ పిల్లలూ ఏమయ్యారో చూశాడు. తరువాత రెండేళ్ళకు, 1823 జూలై 4న జరిగిన స్వాతంత్ర్యదినం విందులో లేచి, రాబోయే దేశాధ్యక్షుడు ఏ మనిషికీ సంకెళ్ళు వేయనివాడు కావాలని ఆకాంక్షించాడు. అక్కడినుంచి ఆయన తోవ మారింది. పారిపోయి వచ్చిన బానిసల పక్షాన, తరచు ఫీజు పుచ్చుకోకుండా, కోర్టులో నిలబడసాగాడు. చట్టం పుస్తకాలు కొనడానికి దాచుకున్న 300 డాలర్లు పెట్టి, అమ్మకానికి సిద్ధంగా ఉన్న ఒక బానిసను దారిలో విడిపించాడని, పుస్తకాలు లేకుండానే ఇంటికి తిరిగి వచ్చాడని కూడా చెప్పుకుంటారు.

1835 ఏప్రిల్ 11

స్టీవెన్స్ 1833లో పెన్సిల్వేనియా రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడు. మేసన్లనే రహస్య సంఘంవారి పలుకుబడిని వ్యతిరేకించే పార్టీ ఆయనది. అప్పటి గవర్నరు జార్జ్ వోల్ఫ్ ఎదుటి పార్టీవాడు, పైగా మేసన్ కూడా. ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. అది బడి.

1834లో రాష్ట్ర శాసనసభ ఒక కొత్త చట్టం చేసింది. ప్రతి ఊరూ ఒక పాఠశాల మండలం అవుతుంది. ఊరివారు ఒప్పుకుంటే పన్ను వేసుకుంటారు, రాష్ట్రం కొంత సొమ్ము ఇస్తుంది. ఆ బడిలో అందరి పిల్లలూ కలిసి కూర్చుంటారు. దరిద్రుల జాబితా ఉండదు. పెద్దగా ఎదిరించేవారు లేకుండానే ఆ చట్టం ఆమోదం పొందింది.

ఆమోదం పొందాక మొదలైంది గొడవ. పన్ను అనేసరికి పల్లెలన్నీ అట్టుడికిపోయాయి. పిల్లలు లేనివారు, “మాకెందుకీ పన్ను?” అన్నారు. ఉన్నవారు, “మా పిల్లలను మేము చదివించుకుంటున్నాం, ఎవరి పిల్లలకో మేమెందుకు పెట్టాలి?” అన్నారు. జర్మన్ భాష మాట్లాడే రైతులకు వేరే భయం ఉంది. తమ చర్చిల వెంట తమ భాషలో బడులు నడుపుకుంటున్నారు; కొత్త బడి వస్తే తమ భాష, తమ మతాచారం పోతాయని వారి బెంగ. ఆ బెంగను తోసిపారేయడానికి లేదు. భాష మీద మమకారం ఎలాంటిదో మనకు తెలియనిది కాదు. క్వేకర్లు కూడా తమ సొంత బడులకు ఖర్చు పెట్టుకుంటూనే ఈ రెండో ఖర్చు ఎందుకని అడిగారు.

ఎన్నికలలో ఈ చట్టాన్ని రద్దు చేస్తామన్నవారు చాలామంది గెలిచారు. రద్దు కోరుతూ శాసనసభకు వచ్చిన అర్జీలలో దాదాపు 32,000 సంతకాలు ఉన్నాయి. చట్టం ఉండాలని వచ్చినవి అందులో పదోవంతు కూడా లేవు. రాష్ట్ర సెనేట్ రద్దు బిల్లును ఆమోదించింది. ఇక మిగిలింది ప్రతినిధుల సభ. అక్కడా రద్దు ఖాయమని అందరూ అనుకున్నారు. స్టీవెన్స్‌కు వోట్లు వేసిన ఆడమ్స్ జిల్లావారిలో కూడా రద్దు కోరేవారే ఎక్కువ.

1835 ఏప్రిల్ 11న రాజధాని హారిస్‌బర్గ్‌లో సభ కూడింది. వంకర పాదాన్ని ఈడ్చుకుంటూ స్టీవెన్స్ లేచి నిలబడ్డాడు.

ఆయన వాదించిన తీరు చూడండి. పేదల మీద జాలి చూపమని ఆయన అడగలేదు. పన్ను ఇవ్వనన్న రైతుతో ప్లీడరు మాట్లాడినట్టే మాట్లాడాడు. నీకు కోర్టులో దావా ఏదీ లేదు. ఐనా కోర్టు ఖర్చుకు పన్ను కడుతున్నావు కదా? నువ్వు నేరం చేయలేదు, చేయబోవు. ఐనా జైలు ఖర్చుకు పన్ను కడుతున్నావు కదా? తోటివాడు నేరం చేశాక వాణ్ణి శిక్షించడానికి మారుమాట లేకుండా డబ్బిస్తావు; వాడు నేరస్థుడు కాకుండా చూసే బడికి ఇవ్వమంటే మాత్రం గగ్గోలు పెడతావా? ఇది ఆయన వాదన సారాంశం.

రద్దు బిల్లుకు ఆయన ఒక కొత్త పేరు కూడా సూచించాడు: ధనవంతుల నుంచి, అహంకారుల నుంచి వేరుగా గుర్తుపట్టడానికి వీలుగా పేదలకు ముద్ర వేసే చట్టం. పాత జాబితా పద్ధతి అసలు రూపం ఆ ఒక్క పేరులో బయటపడింది. జాబితా పిల్లవాడు బడిలో ఎలా తలదించుకుని కూర్చుంటాడో అది ఆ సభలో ఉన్నవారికి గుర్తు చేసింది.

గెలుపోటముల సంగతీ ఎత్తాడు. రాజకీయంగా తనకు బద్ధ విరోధి అయిన గవర్నరు వోల్ఫ్‌ను నిండు సభలో మెచ్చుకున్నాడు. ఈ బడి కోసం నిలబడే నాయకుడు ఏ పార్టీవాడైనా సరే, తాను అతని వెంట నడుస్తానని చెప్పాడు. ప్రజల కోపానికి వెరచి రేపటి వోటు కోసం ఇవాళ పిల్లల చదువు అమ్ముకోవద్దని తోటి సభ్యులను వేడుకున్నాడు.

ఉపన్యాసం ముగిసింది. వోట్లు లెక్కపెట్టారు. రద్దు చేయడానికి వచ్చిన సభ, రద్దును పెద్ద ఆధిక్యంతో తోసిపుచ్చింది! సెనేట్ కూడా చివరకు దారికి వచ్చింది. పెన్సిల్వేనియాలో ప్రజల బడి నిలిచిపోయింది.

ఇక్కడొక విచిత్రం చెప్పాలి. ఆ బడి కోసం పట్టుబట్టిన గవర్నరు వోల్ఫ్ ఆ ఏడాది ఎన్నికలలో ఓడిపోయాడు. ఓటమికి బడి పన్ను కూడా ఒక కారణం. గెలిచినవాడు జోసెఫ్ రిట్నర్, స్టీవెన్స్ పార్టీవాడే. ఆయన కూడా ఆ బడిని కాపాడినవాడే కాని కూల్చినవాడు కాదు. స్టీవెన్స్ మాత్రం ఆడమ్స్ జిల్లా నుంచి మళ్ళీ గెలిచాడు.

సంతకం పెట్టని చేయి

1837, 38 సంవత్సరాలలో పెన్సిల్వేనియా రాష్ట్రానికి కొత్త రాజ్యాంగం రాయడానికి ఒక సభ కూడింది. స్టీవెన్స్ అందులో సభ్యుడు. అంతవరకు ఆ రాష్ట్రంలో వోటు హక్కు గురించిన వాక్యంలో రంగు మాట లేదు. కొత్త రాజ్యాంగంలో వోటరు అన్న మాట ముందు ‘తెల్ల’ అన్న మాట చేర్చారు. ఒక్క మాట! దానితో రాష్ట్రంలోని నల్లజాతి పురుషుల వోటు పోయింది.

స్టీవెన్స్ వాదించాడు, ఓడిపోయాడు. అంతా అయ్యాక సభ్యులు సంతకాలు చేస్తున్నప్పుడు, ఆయన చేయలేదు. తాను కూర్చుని రాసిన రాజ్యాంగం కింద తన పేరు లేకపోతే పోనిమ్మన్నాడు.

ఇనుప కార్ఖానా పెట్టి ఆయన అప్పులపాలయ్యాడు. అప్పులు తీర్చడానికి 1842లో ఎక్కువ దావాలు దొరికే లాంకాస్టర్ పట్నానికి మకాం మార్చాడు. పెళ్ళి చేసుకోలేదు. 1848 ప్రాంతం నుంచి లిడియా హామిల్టన్ స్మిత్ అనే నల్లజాతి వితంతువు ఆయన ఇల్లు చూసుకుంటూ వచ్చింది. ఊళ్ళోవారు నానా మాటలూ అన్నారు. ఆయన పట్టించుకోలేదు. ఆమెను తాను ‘శ్రీమతి స్మిత్’ అనే గౌరవంగా పిలిచేవాడు, ఇంటికి వచ్చినవారు కూడా అలాగే పిలవాలి.

పారిపోయిన బానిసలను పట్టి ఇవ్వాలని 1850లో దేశమంతటికీ కఠినమైన చట్టం వచ్చింది. మరుసటి ఏడు లాంకాస్టర్ జిల్లాలోని క్రిస్టియానా గ్రామంలో, తన బానిసలను పట్టుకోవడానికి వచ్చిన మేరీలాండ్ యజమాని ఒకడు అక్కడివారు తిరగబడగా చనిపోయాడు. ప్రభుత్వం 38 మంది మీద రాజద్రోహం మోపింది. మొదట విచారణకు వచ్చిన కాస్ట్నర్ హాన్వే పక్షాన వాదించిన ప్లీడర్లలో స్టీవెన్స్ ఒకడు. జూరీ కొద్ది నిమిషాలలోనే హాన్వే నిర్దోషి అని తేల్చింది. మిగిలినవారి మీది రాజద్రోహం కేసులు కూడా వీగిపోయాయి.

ఒక మాట మన దాకా

స్టీవెన్స్ 1849లో దేశ కాంగ్రెసులో అడుగుపెట్టాడు. నాలుగేళ్ళ తరువాత బయటికి వచ్చి, 1859లో మళ్ళీ వెళ్ళి, చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఉత్తర దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం జరిగిన కాలంలో యుద్ధానికి డబ్బు సమకూర్చే సంఘానికి ఆయనే అధ్యక్షుడు. 1863లో గెటిస్‌బర్గ్ యుద్ధానికి కొద్ది రోజుల ముందు, దక్షిణాది సైన్యం పనిగట్టుకుని వచ్చి ఆయన ఇనుప కార్ఖానాను తగలబెట్టింది. ఆ వార్త తెచ్చినవారిని ఆయన, “నా అప్పులను కూడా తగలబెట్టారా?” అని అడిగాడట.

ఆయన హాస్యానికి ఇలాంటి కథలు బోలెడు. జబ్బు చేసి జుట్టంతా ఊడిపోతే సరిగ్గా అమరని సవరం పెట్టుకుని తిరిగేవాడు. ఒక అభిమానురాలు జ్ఞాపకార్థం ఒక కురులపాయ ఇమ్మని అడిగితే, సవరమంతా తీసి చేతిలో పెట్టాడని చెబుతారు. ఆ నాలుకే ఆయనకు శత్రువులను కూడా తెచ్చిపెట్టింది. జూదం ఆడే అలవాటూ ఉంది. ఓడిపోయిన దక్షిణాది మీద ఆయన చూపిన కాఠిన్యాన్ని ఎందరో తప్పుపట్టారు. చాలాకాలం అమెరికా చరిత్ర పుస్తకాలు ఆయనను పగబట్టిన ముసలివాడిగానే చిత్రించాయి.

కాని యుద్ధానంతరం ఆయన అడిగినదేమిటి? విడుదలైన బానిసకు వోటు, కాస్త భూమి, చట్టం ముందు సమానత్వం. భూమి ఇవ్వలేదు. సమానత్వం మాత్రం అమెరికా రాజ్యాంగానికి 14వ సవరణగా చేరి 1868 జూలైలో అమలుకు వచ్చింది. దానిని సిద్ధం చేసిన సంయుక్త సంఘంలో ప్రతినిధుల సభ తరఫున నాయకత్వం స్టీవెన్స్‌ది. అసలు వాక్యం రాసినవాడు జాన్ బింగ్‌హామ్ అనే మరో సభ్యుడు. ఏ వ్యక్తికీ చట్టాల సమాన రక్షణ నిరాకరించరాదన్నది అందులోని మాట. 1950లో అమలుకు వచ్చిన మన భారత రాజ్యాంగం తీసి చూడండి. అందులోనూ ఆ మాటే ఉంది. చిత్రంగా, అంకె కూడా అదే: 14వ అధికరణం.

నాలుగు మూలలా గులాబీలు

ఆ సవరణ అమలైన తరువాత స్టీవెన్స్ ఎక్కువ రోజులు బ్రతకలేదు. ఆ ఏడాది అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌ను పదవి నుంచి తొలగించే విచారణకు, నడవలేక, కుర్చీలో కూర్చుని మనుషులు మోయగా వచ్చేవాడు. 1868 ఆగస్టు 11 అర్ధరాత్రి వాషింగ్టన్‌లో కన్నుమూశాడు. పక్కన శ్రీమతి స్మిత్ ఉంది. ఆయన దేహాన్ని కాంగ్రెసు భవనంలో ప్రజల దర్శనార్థం ఉంచారు. నల్లజాతి సైనికులు కాపలా నిలిచారు.

ఆయనను ఎక్కడ పాతిపెట్టాలో ఆయనే ముందుగా నిర్ణయించాడు. లాంకాస్టర్‌లో పెద్దలందరినీ పూడ్చే శ్మశానాలు ఉన్నాయి. వాటి నిబంధనలలో నల్లవారికి చోటు లేదు. అందుకని ఆయన అన్ని జాతులవారినీ చేర్చుకునే ఒక చిన్న శ్మశానాన్ని ఎంచుకున్నాడు. సమాధి మీద చెక్కవలసిన మాటలు కూడా ఆయనే రాసిపెట్టాడు. ఏకాంతం మీద ఇష్టంతో తానీ మారుమూల చోటు కోరలేదని, జాతిని బట్టి మనుషులను వేరుచేసే శ్మశానాలు తనకు వద్దని, బ్రతికినంతకాలం చెప్పిన మాటను చావులో కూడా చూపించాలని ఇక్కడ పడుకున్నానని వాటి భావం. ఆ సమాధి ఇప్పటికీ ఉంది.

ఆయన వీలునామా చదివితే మనిషి తెలుస్తాడు. మిగిలిన ఆస్తి తగినంత పెరిగితే అనాథ పిల్లలకు ఆశ్రమం, చదువు ఏర్పాటు చేయాలని, అందులో జాతి గాని రంగు గాని చూడకూడదని, అందరూ ఒకే బల్ల దగ్గర భోజనం చేయాలని రాశాడు. ఆ కోరిక తీరడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1905లో ఆయన పేరుతో ఏర్పడిన పారిశ్రామిక పాఠశాల నేడు లాంకాస్టర్‌లో వృత్తివిద్యా కళాశాలగా నడుస్తోంది.

వీలునామాలో మరొక చిన్న పద్దు ఉంది. పీచమ్ ఊరి శ్మశానానికి 500 డాలర్లు. దాని వడ్డీతో తన తల్లి సమాధిని బాగుచేయిస్తూ, ఏటా వసంతకాలంలో నాలుగు మూలలా గులాబీలు, కళకళలాడే ఇతర పూలమొక్కలు నాటాలి.

తన బ్రతుకులో ఉన్న కాస్త అభివృద్ధి ఆ తల్లి చలవేనని ఆయన ఆ కాగితం మీదనే రాశాడు. కుంటి కొడుకును బడికి దగ్గరగా ఉంచాలని ఊరు మారిన తల్లి ఆమె. ఆ కొడుకు పెద్దవాడై ఏ పిల్లవాడూ బడిలో తలదించుకుని కూర్చోనక్కరలేదని సభలో వాదించి గెలిచాడు. కాంగ్రెసులో ఎన్నో ఘనకార్యాలు చేసినా, రాష్ట్ర సభలో ఆ ఒక్కనాడు చేసిన ఉపన్యాసాన్నే ఆయన తన జీవితంలోకెల్లా ఫలించిన పనిగా భావించేవాడు.